పాపను బేబీ ల్యాబ్‌కి తీసుకెళ్తున్నారా? అక్కడ చేయకూడని పనులేంటో ముందు తెలుసుకోండి

మా పెద్దదానికి ఐదో నెల నడుస్తుండగా ఒకరోజు ఫోన్ వచ్చింది. మేముండేది అమెరికాలో ఒక యూనివర్సిటీ ఊరు. చైల్డ్ డెవలప్‌మెంట్ ల్యాబ్ నుంచి మాట్లాడుతున్నాం, పసిపిల్లలతో ఒక స్టడీ చేస్తున్నాం, మీ పాపను ఓ అరగంట తీసుకొస్తారా అని అడిగింది అవతలి అమ్మాయి. నేను ముందు ఏదో ఫ్రాడ్ కాల్ అనుకున్నాను. మా ఆయన "పిల్ల మీద ప్రయోగాలేంటి, అదేమన్నా కుందేలా" అన్నారు. పురిటికి సాయంగా వచ్చిన మా అమ్మ ఇంకా మా దగ్గరే ఉంది, ఆవిడైతే "సూదులు గుచ్చుతారేమోనే, వద్దని చెప్పెయ్" అని ఒకటే గోల. మొత్తానికి వెళ్ళాం. సూదుల్లేవు. చీకటి గది, ఓ టీవీ, నా ఒళ్ళో పాప, అంతే.

అది ఏడేళ్ళ కిందటి మాట. అప్పట్నుంచి ఇద్దరు పిల్లలతో కలిపి తొమ్మిదిసార్లు వెళ్ళొచ్చాం, రెండుసార్లు ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని చేశాం. చుట్టుపక్కల తెలుగువాళ్ళలో ఎవరికి ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చినా వాళ్ళు వెంటనే నాకు ఫోన్ చేస్తారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి ఇక రాసి పెడుతున్నా. నేను సైంటిస్టుని కాను, వెళ్ళిన ప్రతిసారీ అక్కడివాళ్ళను ప్రశ్నలడిగి విసిగించి తెలుసుకున్నదే ఇదంతా.

ముందే ఒక్క ముక్క. ఇంటికి చుట్టాలొస్తే మనం పిల్లల్ని ఏం చేస్తాం? "అంకుల్‌కి నమస్తే చెప్పు నాన్నా, ముక్కేదీ, చెవేదీ, నిన్న పాడావు చూడు ఆ రైమ్ పాడమ్మా" అంటూ, వాళ్ళు చెప్పేదాకా వదలం. ల్యాబ్‌లో సరిగ్గా ఈ అలవాటే కొంప ముంచుతుంది. అక్కడ అమ్మానాన్నల పని ఏమీ చేయకుండా కూర్చోవడం. వినడానికి తేలికే, చేసి చూడండి.

ఫోన్‌లో అడిగే ప్రశ్నలు

మన నంబర్ వాళ్ళకెక్కడిది అని అందరికీ వచ్చే మొదటి అనుమానం. కొన్నిచోట్ల ప్రభుత్వ జనన రికార్డుల నుంచి అనుమతితో తీసుకుంటారు, కొన్నిచోట్ల కాన్పయిన హాస్పిటల్లో మనం నింపిన కాగితాల్లో ఓ గడి టిక్ చేసి మర్చిపోయి ఉంటాం. లైబ్రరీ స్టోరీటైమ్‌లోనూ, రైతుబజారు లాంటి వారాంతపు సంతలోనూ బల్ల వేసుకుని కూర్చుని పేర్లు రాసుకుంటారు. అనుమానం తీరకపోతే ఫోన్ పెట్టేసి, యూనివర్సిటీ వెబ్‌సైట్లో ఆ ల్యాబ్ పేజీ వెతికి అక్కడున్న నంబరుకి మీరే తిరిగి చేయండి. నేనలాగే చేశాను, వాళ్ళేం అనుకోలేదు.

పుట్టిన తేదీతో పాటు డాక్టర్ ఇచ్చిన డ్యూ డేట్ కూడా అడుగుతారు. ఎందుకంటే ఆరు వారాలు ముందు పుట్టిన బిడ్డని నెలలు నిండి పుట్టిన బిడ్డతో ఒకే వయసుగా లెక్కపెడితే పోలిక తప్పుతుంది. చెవిలో ఇన్ఫెక్షన్లు వచ్చాయా అంటారు, అది వినికిడి కోసం. ఆ తర్వాత వస్తుంది మనవాళ్ళంతా తడబడే ప్రశ్న: ఇంట్లో పాప చెవిన పడే మాటల్లో ఇంగ్లీషు ఎంత శాతం, ఇంకో భాష ఎంత శాతం?

మనవాళ్ళు ఇక్కడ ఎక్కువగా అబద్ధం చెప్తారు. కావాలని కాదు లెండి. ఇంగ్లీషు తక్కువంటే పాపని తీసుకోరేమో, వెనకబడిందనుకుంటారేమో అని తొంభై శాతం ఇంగ్లీషే అనేస్తారు, వెనక నుంచి అమ్మమ్మ "బుజ్జి తల్లీ, పాలు తాగుతావా" అంటున్నది అవతలికి వినపడుతూనే ఉంటుంది.

నిజం చెప్పండి. దానికో కారణముంది, అది మన ట, త ల కథే. 1984లో కెనడాలో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు ఇంగ్లీషు ఇళ్ళలో పెరుగుతున్న పసిపిల్లలకి హిందీలోని ట, త శబ్దాలు వినిపించి చూశారు. ఆ రెంటికీ తేడా పెద్దయిన ఇంగ్లీషువాళ్ళ చెవికి ఆనదు, మన పేర్లు వాళ్ళ నోట ఏమవుతాయో ఆఫీసుల్లో రోజూ వింటూనే ఉన్నాం. పిల్లలకి నేర్పిన ఆట ఏంటంటే, శబ్దం మారినప్పుడు తల పక్కకి తిప్పితే నల్లటి పెట్టెలో దీపం వెలిగి లోపలి బొమ్మ కదుల్తుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు చాలామంది తేడా పట్టేశారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి అదే ఇంగ్లీషు ఇళ్ళ పిల్లలకి ఆ తేడా తెలియకుండా పోయింది, హిందీ వింటూ పెరిగేవాళ్ళకి మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు చెప్పండి, ఇలాంటి స్టడీలో "ఇంగ్లీషు మాత్రమే వినే పిల్లలు" అనే వరసలో అమ్మమ్మ దగ్గర రోజంతా టమాటా, తోటకూర వింటున్న పిల్లని కూర్చోబెడితే లెక్క ఏమవుతుంది? మీ పాపకి ఆ స్టడీ సరిపోకపోతే రెండు భాషల పిల్లలతో చేసేవి ఏమన్నా ఉన్నాయా అని అడగండి. చాలా ల్యాబుల్లో ఉంటాయి, వాళ్ళకి దొరకనిది అలాంటి ఇళ్ళే.

సంతకం అమ్మమ్మ పెడితే చెల్లదు

ఇది తెలియక మా స్నేహితురాలు ఒకావిడ సగం రోజు పోగొట్టుకుంది. తనకి ఆఫీసులో మీటింగ్, భర్త ఊళ్ళో లేడు, అత్తగారికి స్ట్రోలర్ ఇచ్చి క్యాబ్ ఎక్కించి పంపింది. అక్కడ చూస్తే కన్సెంట్ ఫారం మీద తల్లో తండ్రో చట్టపరమైన గార్డియనో సంతకం పెట్టాలి, నాయనమ్మ కుదరదు. ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం, ఏం తప్పు చేశానో అని కంగారుపడి కోడలికి వీడియో కాల్. కాబట్టి మీలో ఒకరు తప్పకుండా వెళ్ళాలి. పెద్దవాళ్ళు తోడు రావచ్చు, రమ్మనే చెప్తాను, రెండో పిల్లాడిని చూసుకోడానికి అక్కడ మరో మనిషి ఉంటే ఎంత హాయో.

ఫారం ముందు రోజే ఈమెయిల్లో పంపమనండి. పిల్ల ఒళ్ళో గింజుకుంటుంటే అయిదు పేజీలు ఎవరు చదువుతారు. చదివేటప్పుడు నేను చూసేవి ఇవి: పాపని ఏం చేస్తారు, ఎంతసేపు, ఒంటికి ఏమైనా తగిలిస్తారా, వీడియో తీస్తే అది ఎవరు చూస్తారు, ఎన్నాళ్ళు దాచుతారు, పేరుతో దాచుతారా నంబరుతోనా. వీడియో గురించి విడిగా గడులుంటాయి: పరిశోధనకి మాత్రమే వాడాలి, క్లాసుల్లో చూపించొచ్చు, బయట సభల్లో కూడా చూపించొచ్చు, ఇలాగ. మొదటి దానికి మాత్రం టిక్ పెట్టి మిగతావి వదిలేసినా స్టడీ ఆగదు. మొదటిసారి మొహమాటానికి అన్నిటికీ టిక్ పెట్టాను నేను, రెండోసారి నుంచి మానేశాను.

ఇంకోటి, మధ్యలో ఎప్పుడైనా "చాలు, వెళ్ళిపోతాం" అనొచ్చు. కారణం చెప్పక్కర్లేదు, ఇస్తామన్న చిన్న బహుమతి ఇచ్చే పంపిస్తారు. బహుమతి అంటే మరీ ఆశ పెట్టుకోకండి, ఓ బొమ్మల పుస్తకమో, టీషర్టో, పార్కింగ్ డబ్బులో. మా చిన్నోడికి "జూనియర్ సైంటిస్ట్" అని ఓ సర్టిఫికెట్ కూడా ఇచ్చారు, మావగారు దాన్ని ఫ్రేమ్ కట్టించారు.

వెళ్ళే రోజు

అపాయింట్‌మెంట్ వాళ్ళకి ఖాళీ ఉన్నప్పుడు కాదు, మీ పాప నిద్ర లేచి, పాలు తాగి, డైపర్ మార్చుకుని నవ్వుతూ ఉండే అరగంటకి పెట్టించుకోండి. అంత ఖచ్చితంగా ఉండాలి. ఒకసారి ఒక ల్యాబ్‌లో కెమెరా పనిచేయక నలభై నిమిషాలు కూర్చోబెట్టారు, ఆలోపు మావాడి నిద్ర టైం వచ్చేసింది, ఇక ఆ రోజు సంగతి చెప్పక్కర్లేదు. ఇప్పుడైతే పావుగంట దాటితే "ఇంకో రోజు వస్తాం" అనేస్తాను.

మన ఇళ్ళ పిల్లలకి మాత్రమే పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి, ఇవి వాళ్ళ ఈమెయిల్లో రావు. ఈఈజీ స్టడీ అంటే తల మీద వలలాంటి టోపీ పెడతారు, ఆ వల నిండా చిన్న చిన్న సెన్సర్లు, చాలాచోట్ల వాడే రకంలో 128 ఉంటాయి. ఉప్పు, కాస్త బేబీ షాంపూ కలిపిన గోరువెచ్చని నీళ్ళలో ముంచి పెడతారు. అది మెదడు నుంచి వచ్చే సన్నటి కరెంటు సంకేతాన్ని వింటుందంతే, లోపలికి ఏమీ పంపదు. కానీ తలకి కొబ్బరినూనె పట్టించి ఉంటే సెన్సర్ చర్మానికి సరిగ్గా అంటదు. కాబట్టి ముందురోజు తలంటి పోసి, ఆ తర్వాత నూనె రాయకుండా తీసుకెళ్ళండి. అమ్మమ్మలకి ఈ మాట రెండుసార్లు చెప్పాలి. వచ్చేటప్పుడు తల తడిగా ఉంటుంది, టవలూ టోపీ పెట్టుకోండి.

కళ్ళ కదలిక చూసే యంత్రమైతే కాటుక వద్దు. అది కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో కనుపాప నలుపుని వెతుకుతుంది, కంటి చుట్టూ ఇంకో నలుపుంటే గందరగోళ పడుతుంది. శబ్దాలు రికార్డు చేసే స్టడీకి కాళ్ళ పట్టీలు తీసెయ్యండి, ఘల్లుఘల్లుమని అన్నీ అవే వినిపిస్తాయి. ఎంఆర్‌ఐ అయితే పసిపిల్లలకి సాధారణంగా మత్తు ఇవ్వరు, సహజంగా నిద్రపోయినప్పుడు చెవులకి మూతలు పెట్టి తీస్తారు. దానికి వెండి మొలతాడు, చెవిపోగులు, తాయెత్తు, అన్నీ ఇంట్లోనే తీసి వెళ్ళాలి. చెవులు కుట్టించి కొత్తగా ఉండి తీయడం కుదరకపోతే ఆ సంగతి ఫోన్లోనే చెప్పండి.

మా అమ్మ నవ్వుకున్న సంగతి ఒకటి. కొన్ని రకాల కంటి యంత్రాలకి పాప తల ఎటు కదుల్తోందో తెలియడానికి నుదుటి మీద చిన్న గుండ్రటి స్టిక్కర్ అంటిస్తారు, లోపల నలుపూ తెలుపూ వలయాలుంటాయి. మేం కాటుక తుడిచేసి, దిష్టిచుక్క చెరిపేసి బోసి మొహంతో తీసుకెళ్తే, ఆ స్టూడెంట్ అమ్మాయి వచ్చి సరిగ్గా అదే చోట నల్లచుక్క అంటించింది. "వీళ్ళకి కూడా దిష్టి పట్టింపు ఉందే" అంది మా అమ్మ. అప్పట్నుంచి ఆవిడ భయం పోయింది.

చీకటి గదిలో ఏం జరుగుతుంది

మాటలు రాని పిల్లకి ఏం తెలుసో ఎలా కనుక్కుంటారు? పిల్ల చేతిలో ఉన్నవి రెండే, చూడటం, చూపు తిప్పేసుకోవడం. ఈ విద్యంతా దాని మీదే నడుస్తుంది. 1960ల మొదట్లోనే రాబర్ట్ ఫాంట్జ్ అనే ఆయన పిల్లల్ని పడుకోబెట్టి పైన రెండు బొమ్మలు పెట్టి, వాళ్ళ కంట్లో ఏ బొమ్మ నీడ పడుతోందో చిన్న రంధ్రంలోంచి చూసి, దేన్ని ఎంతసేపు చూశారో లెక్కేశాడు. ఇప్పుడు కెమెరాలొచ్చాయి, సంగతి అదే.

ఒక పద్ధతి విసుగు పుట్టించడం. ఒకే బొమ్మ మళ్ళీ మళ్ళీ చూపిస్తారు, పాప చూసే సమయం తగ్గుతూ వస్తుంది, బాగా తగ్గాక కొత్తది పెడతారు. మళ్ళీ కళ్ళు పెద్దవి చేసి చూసిందంటే ఆ తేడా దానికి తెలిసినట్టు. ఇంకో పద్ధతి ఆశ్చర్యం. 1992లో కారెన్ విన్ ఐదు నెలల పిల్లలతో చేసింది బాగా ప్రసిద్ధం: చిన్న స్టేజి మీద ఒక బొమ్మ, ముందు ఓ తెర లేస్తుంది, పక్కనుంచి ఒక చెయ్యి రెండో బొమ్మని తెర వెనక పెట్టి ఖాళీగా వెళ్ళిపోతుంది. తెర దిగితే రెండుండాలి కదా. ఒకటే ఉన్నప్పుడు పిల్లలు ఎక్కువసేపు చూశారు. దీని అర్థమేంటన్న దాని మీద వాళ్ళలో వాళ్ళకే ఇంకా వాదనలున్నాయి, లెక్కలొచ్చినట్టా, ఏదో తేడాగా ఉందని మాత్రం తోచినట్టా అని. కాబట్టి ఇంటికొచ్చి "మా పాపకి కూడికలు వచ్చు" అని ఊళ్ళో చెప్పకండి.

ఇక మీరు. మిమ్మల్ని కళ్ళు మూసుకోమంటారు, లేదా నల్ల కళ్ళద్దాలిస్తారు, శబ్దాల స్టడీ అయితే చెవులకి హెడ్‌ఫోన్ పెట్టి పాటలేస్తారు. నాకు మొదట చిరాకేసింది, నా పిల్ల ఏం వింటోందో నాకు వినపడకూడదా అని. ఆ అమ్మాయి చెప్పింది, మీకు తెలిస్తే మీ ఒళ్ళు చెప్పేస్తుంది అని. వందేళ్ళ కిందట బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం ఉండేదట, లెక్క అడిగితే డెక్కతో నేల మీద కొట్టి జవాబు చెప్పేది. 1907లో ఆస్కార్ ఫుంగ్స్ట్ పరీక్షించి చూస్తే దానికి లెక్కలు రావు. సరైన అంకె దగ్గరకి రాగానే అడిగినవాళ్ళ మెడ, మొహం కొంచెం కదిలేవి, వాళ్ళకే తెలియకుండా, గుర్రం అది చూసి ఆగేది. గుర్రమే అంత పసిగడితే ఒళ్ళో కూర్చున్న పాప ఊరుకుంటుందా? మీ చేతి పట్టు కాస్త బిగిసినా, మీ ఊపిరి కాస్త మారినా దానికి తెలుస్తుంది.

నేను చేసిన తప్పు అదే. మొదటిసారి వెళ్ళినప్పుడు తెర మీద బొమ్మలాట నడుస్తుంటే మాది నా గాజులకేసి చూస్తూ కూర్చుంది. కళ్ళు మూసుకోమన్నా ఒక కన్ను తెరిచి చూస్తున్నాను, పిల్ల ఏమీ చూడట్లేదు, ఇంత దూరం తీసుకొచ్చాం, వాళ్ళేమనుకుంటారో అని టెన్షన్. మెల్లగా దాని గడ్డం పట్టి తెరకేసి తిప్పి "అటు చూడు బంగారం" అన్నాను. స్పీకర్లోంచి గొంతు వచ్చింది, చాలా మర్యాదగా, దయచేసి పాపని తనకిష్టం వచ్చినట్టు చూడనివ్వండి అని. ఐదు నిమిషాల్లో మళ్ళీ అదే పని చేశాను. అయిపోయాక ఆ అమ్మాయి నవ్వుతూనే, ఇవాళ్టిది లెక్కలోకి తీసుకోలేకపోవచ్చు అంది. గాజులు కూడా తీసి వెళ్ళండి, చెప్పడం మర్చిపోయాను.

పిల్ల తెరని చూడకపోవడం కూడా వాళ్ళకి కావలసిన కబురే, అది నాకు మూడోసారి వెళ్ళేదాకా బుర్రకెక్కలేదు.

ఏడిస్తే

ఏడిస్తే ఆపేస్తారు. సారీ చెప్పక్కర్లేదు, వాళ్ళకిది రోజువారీ వ్యవహారం, ఏడ్చిన పిల్లల లెక్క ఎంతుంటుందో ముందే అంచనా వేసుకుని ఎక్కువమందిని పిలుస్తారు. ఒక్కో ల్యాబ్‌కి దొరికే పిల్లలు చాలా కొద్దిమంది, అందుకే ఈమధ్య ల్యాబులన్నీ చేతులు కలుపుతున్నాయి. మెనీబేబీస్ అని ఒక కూటమి ఉంది, 2020లో వచ్చిన వాళ్ళ మొదటి పెద్ద స్టడీకి 67 ల్యాబులు కలిసి 2,329 మంది పసిపిల్లల్ని చూశాయి. అడిగిన ప్రశ్న మన ఇళ్ళలో అడగక్కర్లేనిది: ముద్దుముద్దుగా సాగదీసి మాట్లాడితే పిల్లలు ఎక్కువ ఇష్టంగా వింటారా, మామూలుగా మాట్లాడితేనా? ముద్దు మాటలే గెలిచాయి. మా అమ్మకి చెప్తే "దానికి అన్ని ల్యాబులెందుకు" అంది.

ఒక రకం స్టడీలో మాత్రం ఏడుపు ఉంటుందని తెలిసే చేస్తారు. మేరీ ఐన్స్‌వర్త్ బాల్టిమోర్‌లో మొదలుపెట్టిన పద్ధతి, దాదాపు ఏడాది పిల్లలతో. కొత్త గదిలో ఆడుకుంటుంటే ఓ కొత్త మనిషి వస్తారు, కాసేపటికి అమ్మ బయటికి వెళ్తుంది, మళ్ళీ వస్తుంది, ఇలా చాలావరకు మూడేసి నిమిషాల చొప్పున ఎనిమిది ఘట్టాలు. వాళ్ళు ముఖ్యంగా చూసేది అమ్మ తిరిగొచ్చినప్పుడు పిల్ల ఎలా చేరువవుతుందో, ఎంత త్వరగా కుదుటపడుతుందో. బిడ్డ మరీ ఏడిస్తే మూడు నిమిషాలు ఆగకుండా అమ్మని ముందే లోపలికి పంపిస్తారు. నేను మా చిన్నోడితో దీనికి ఒప్పుకోలేదు, వాడు అమ్మ బాత్రూమ్‌కి వెళ్తేనే ఇల్లు ఎగరగొట్టే రకం. మీరు ఒప్పుకోవచ్చు, అందులో తప్పేం లేదు, కానీ "మధ్యలో నేను బయటికి వెళ్ళాలా" అని ముందే అడిగి తెలుసుకోండి.

మాటలొచ్చిన పిల్లలతో

మూడేళ్ళు దాటాక అంతా ఆటలా ఉంటుంది, మనకి మరీ కష్టం, ఎందుకంటే ఇప్పుడు జవాబులుంటాయి. చాక్లెట్ల డబ్బా చూపించి లోపల ఏముంది అంటారు, చాక్లెట్లు అంటుంది పిల్ల, తెరిస్తే పెన్సిళ్ళు. మూసేసి, బయట ఉన్న నీ ఫ్రెండ్‌కి ఈ డబ్బా చూపిస్తే లోపల ఏముందనుకుంటాడు అని అడుగుతారు. మూడేళ్ళ పిల్లలు చాలామంది పెన్సిళ్ళు అంటారు, తమకి తెలిసింది అందరికీ తెలుసనుకుంటారు. నాలుగైదేళ్ళకి చాక్లెట్లు అనడం మొదలవుతుంది. మనిళ్ళలో బిస్కెట్ల డబ్బా తెరిస్తే సూదీ దారం, నెయ్యి డబ్బాలో చింతపండు, ఈ పరీక్ష పిల్లలకి రోజూ జరుగుతూనే ఉంటుంది.

మూడేళ్ళ పిల్ల "పెన్సిళ్ళు" అన్నప్పుడు వెనక కూర్చున్న నాన్న "అబ్బా, ఆలోచించి చెప్పు తల్లీ" అన్నాడంటే ఆట అయిపోయినట్టే. వాళ్ళకి కావలసింది ఆ తప్పు జవాబే. ఇంట్లో ప్రాక్టీస్ చేయించి తీసుకెళ్ళిన వాళ్ళు కూడా నాకు తెలుసు, యూట్యూబ్‌లో చూసి మరీ. ఎల్‌కేజీ అడ్మిషన్ ఇంటర్వ్యూ కాదండీ ఇది.

మిఠాయి పరీక్ష గురించి అందరూ అడుగుతారు. 1960ల చివర్లో స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ మొదలుపెట్టింది, ఎదురుగా ఒక స్వీట్ పెట్టి, నేనొచ్చేదాకా తినకుండా ఆగితే ఇంకోటి ఇస్తాను అనడం. ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో ముందున్నారని చాలా ఏళ్ళు ప్రచారం జరిగింది. 2018లో ఇంకా ఎక్కువమంది పిల్లలతో చూస్తే ఆ సంబంధం అంత పెద్దదేమీ కాదని, ఇంటి పరిస్థితులు కూడా లెక్కలోకి తీసుకుంటే ఇంకా చిన్నదైపోతుందని తేలింది. మాది పది సెకన్లలో తినేసింది. వచ్చేటప్పుడు కారులో దాన్ని ఒక్క మాట కూడా అనలేదని గర్వంగా చెప్పుకుంటాను.

సుమారు ఏడేళ్ళు దాటిన పిల్లలైతే మీ సంతకంతో పాటు వాళ్ళని కూడా విడిగా అడుగుతారు, నీకిష్టమేనా అని. వద్దంటే వద్దే, మీరు ఒప్పుకున్నా సరే.

ఇంట్లోంచి చేసేవి

ల్యాబ్ దగ్గర్లో లేకపోయినా పర్లేదు. ఇలాంటి స్టడీల కోసం ఎంఐటీలో లుక్‌ఇట్ అని ఒక వెబ్‌సైట్ మొదలైంది, ఇప్పుడు చిల్డ్రన్ హెల్పింగ్ సైన్స్ అనే పేరుతో నడుస్తోంది. వెబ్‌క్యామ్ ముందు పాపని ఎత్తుకుని కూర్చుంటే చాలు. సంతకం బదులు కెమెరా ముందు ఒప్పుకుంటున్నానని ఓ వాక్యం చదవాలి. చివర్లో వీడియో ఎంతవరకు వాడుకోవచ్చో మీరే ఎంచుకోవాలి, వద్దనుకుంటే తీసేయమనొచ్చు. కొన్నిట్లో మిమ్మల్ని తెరకి వీపు పెట్టి, పాపని భుజం మీదుగా చూసేలా ఎత్తుకోమంటారు, కారణం ఇప్పుడు మీకు తెలుసు. కిటికీ వెలుగు పాప వెనక నుంచి కాకుండా మొహం మీద పడేలా చూసుకోండి, ఇంట్లో కుక్కర్ పెట్టకండి. మూడో విజిల్‌కి మావాడు ఆ స్టడీ మొత్తం వదిలేసి వంటింటి వైపే చూశాడు.

ఇంకో రకం, చిన్న రికార్డర్ జేబులో పెట్టిన బనీను పంపిస్తారు, పాపకి తొడిగితే రోజంతా ఇంట్లో మాటలు రికార్డవుతాయి, పిల్ల చెవిన ఎన్ని మాటలు పడ్డాయో లెక్కేయడానికి. దీనికి వప్పుకునే ముందు ఆలోచించండి. ఇండియాకి స్పీకర్‌లో పెట్టి గంటసేపు మాట్లాడే ఫోన్లు, ఆడపడుచు గురించి అనుకున్నవి, అన్నీ అందులోకి వెళ్తాయి. ఇంటికొచ్చినవాళ్ళకి ముందే చెప్పాలి. ఆ రోజు కోసం ప్రత్యేకంగా ఎక్కువ మాట్లాడకండి కూడా, మా ఆయన ఉదయం తొమ్మిదింటి దాకా రేడియో జాకీలా మాట్లాడి తర్వాత అలిసిపోయారు.

మన ఊళ్ళలో

ఇండియాలో ఉన్నవాళ్ళు ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. యంగ్ లైవ్స్ అని ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నడిపే స్టడీ 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లల్ని వెంట ఉండి చూస్తూ వచ్చింది, 2001-02లో పుట్టినవాళ్ళు 2,000 మంది, 1994-95లో పుట్టినవాళ్ళు 1,000 మంది. శ్రీకాకుళం, పశ్చిమగోదావరి, కడప, అనంతపురం, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్ కుటుంబాలవి. ఇక్కడ చీకటి గదులుండవు, వాళ్ళే ఇంటికొస్తారు, ఎత్తు, బరువు, బడి, తిండి, అప్పులు, అన్నీ అడుగుతారు, కొన్నేళ్ళకి మళ్ళీ వచ్చి అదే పిల్లని వెతుక్కుంటారు.

అంతకుముందు 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గరి 29 గ్రామాల్లో ఇంకో పని జరిగింది. వాటిలో 15 ఊళ్ళలో గర్భిణులకీ చిన్నపిల్లలకీ అదనపు ఆహారం ఇచ్చారు, మిగతా 14 ఊళ్ళకి ఆ పథకం అప్పటికి రాలేదు. 2003-05లో వెళ్ళి ఆ పిల్లల్ని వెతికి పట్టుకుంటే, టీనేజీకి వచ్చి ఉన్నారు, ఆహారం అందిన ఊళ్ళవాళ్ళు సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. పదిహేనేళ్ళు ఆగితే తెలిసింది ఆ సెంటీమీటరున్నర. మీ ఇంటికి ఇలాంటివాళ్ళొస్తే గుర్తింపు కార్డు అడగండి, తెలుగులో రాసిన అనుమతి పత్రం అడగండి, చదవడం రాని పెద్దవాళ్ళుంటే చదివి వినిపించమనండి. రేషన్ కార్డో పథకమో దీంతో ముడిపడి ఉందని ఎవరైనా అంటే అక్కడే ఆపెయ్యండి, అలా ఉండకూడదు. ఇల్లు మారితే కొత్త ఫోన్ నంబర్ ఇచ్చి వెళ్ళండి. ఇలాంటి స్టడీలు ఆగిపోయేది డబ్బు చాలక ఎంతో, పిల్లలు దొరక్క కూడా అంతే.

తర్వాత

"మా పాప ఎలా చేసింది?" అని అడుగుతారు మీరు, నాకు తెలుసు. "చాలా బాగా చేసింది" అంటారు వాళ్ళు, ప్రతి పిల్లకీ అదే అంటారు. ఒక్కో పిల్ల మార్కులు వాళ్ళ దగ్గర ఉండవు, వాళ్ళు చూసేది అందరినీ కలిపి. మాటలు ఆలస్యమవుతున్నాయనో, పిలిస్తే తిరగట్లేదనో మీకు అనుమానముంటే పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, ల్యాబ్‌లో కనిపెట్టి చెప్తారులే అని ఎదురుచూడకండి. వాళ్ళ పని అది కాదు, అక్కడ మీతో మాట్లాడే అమ్మాయి చాలాసార్లు డిగ్రీ చదివే స్టూడెంటు.

ఏడాది, రెండేళ్ళకి ఓ పేజీ ఉత్తరం వస్తుంది, మేం చేసిన స్టడీలో ఇది తెలిసింది అని. మా మొదటిది వచ్చినప్పుడు మా అమ్మ ఇండియాలో ఉంది, ఫోన్లో చదివి తెలుగులో చెప్పాను. అంతా విని, "మరి మన పిల్ల ఏం చూసిందంట?" అంది. మన పిల్లది లెక్కలోకి తీసుకోలేదమ్మా, నేను గడ్డం పట్టి తిప్పానుగా అన్నాను. "నీకు చిన్నప్పట్నుంచీ ఓపిక లేదు" అని ఫోన్ పెట్టేసింది.